కుండీలో పెరుగు పచ్చియాకు

(ప్రసంగ పాఠము)



నేటి ప్రసంగ విషయము చిన్నది. ఒక ఆకు, ఒక కుండీ, చెంబెడు నీరు. లెట్యూసు అను ఆకుకూరను ఇంటియొద్ద కుండీలలో ఎట్లు పెంచవలెను, ఏల పెంచవలెను అనునదియే ఇందలి ముచ్చట. విషయము చిన్నదైనను దానితో ముడిపడియున్న ప్రశ్న చిన్నది కాదు. పచ్చిగా నోటబెట్టుకొను ఆకు ఏ నీటితో పెరిగినదో తినువానికి తెలిసియుండవలెనా, అక్కరలేదా? తెలిసియుండవలెననుటకు తగిన కారణములు కలవు. తెలిసికొనుటకు గల మార్గములలో మిక్కిలి సులభమైనది కుండీ.

తెలుగువారి భోజనమున ఆకుకూరలకు కొదువ లేదు. తోటకూర, గోంగూర, చుక్కకూర, బచ్చలి, పాలకూర, మెంతికూర, పొన్నగంటికూర, ఇట్లు ఒక్కొక్క ఋతువున ఒక్కొక్కటి విస్తరిలో కనుపించును. ఐతే వీనిలో దాదాపు అన్నియు పొయ్యి చూచిన పిమ్మటనే విస్తరికి వచ్చునవి. పప్పులో ఉడుకును, పులుసులో మరగును, పోపులో మగ్గును. ఆ వేడికి ఆకునంటియుండు సూక్ష్మక్రిములు నశించును. కూర ఏ చెరువునీట పెరిగినను, ఏ గంపలో వచ్చినను, కడపట నిప్పు ఆ భయమును తీర్చుచున్నది. ఇల్లాలు పనిగట్టుకొని తలపకున్నను ఈ కాపలా దినదినము సాగుచునే యుండును.

నిప్పు చూడక తినెడు ఆకులు తెలుగింట బహుకొద్ది. కొత్తిమీర, పుదీనా, తమలపాకు, ఇంతే చెప్పవచ్చును. వీనిలో తమలపాకు విషయమున పెద్దలు పాటించిన పద్ధతి గమనింపదగినది. తాంబూలమునకు కూర్చుండినవారు ఆకును నీట కడిగి, రెండు వైపులను గుడ్డతో తుడిచి, తొడిమను కొనను గిల్లి, ఈనె తీసి, అప్పుడుగాని సున్నము రాయరు. ఒక్క ఆకునకు ఇంత పని యేల అని ఎవ్వరును అడుగరు. పచ్చిగా నమలునది కావున అంత జాగ్రత్త వలసియున్నదని అందరికిని తెలియును. లెట్యూసునకు కావలసినదియు ఈ తమలపాకు మర్యాదయే.

లెట్యూసునకు శాస్త్రనామము లాక్టుకా సటైవా. చామంతి, పొద్దుతిరుగుడు పూవు చేరిన కుటుంబములోనిదే ఇదియు. దీని తొడిమ త్రుంచినచో తెల్లని పాలు కారును. లాటిను భాషలో పాలకు ‘లాక్’ అని పేరు. మొక్క పేరు ఆ మాటనుండియే పుట్టినది. ప్రాచీన ఈజిప్టు శిల్పములలో మిన్ అను దేవత ప్రక్కన ఈ మొక్క చెక్కబడియున్నది. రోమక చక్రవర్తి ఆగస్టసు జబ్బుపడినప్పుడు మ్యూసా అను వైద్యుడు లెట్యూసు తినిపించి స్వస్థత చేకూర్చెనని ప్లినీ వ్రాసియున్నాడు. భారతదేశమున యునానీ వైద్యులు దీని విత్తులను ‘కాహూ’ అను పేర చిరకాలముగా ఎరుగుదురు. ఐనను దీనిని ఆకుకూరగా తినుట తెలుగునాట ఇటీవలి అలవాటు. ఢిల్లీ కూరగాయల అంగళ్ళలో దీనిని ‘సలాద్ పత్తా’ అందురు. పిల్లలు రొట్టెముక్కల నడుమ పెట్టుకొని తిను ఆకు ఇదియే.

ఇందు తెగలు పెక్కు. క్యాబేజీవలె గట్టిగా ముడుచుకొను తెగ ఒకటి. అంగళ్ళలో ఐస్‌బర్గ్ అనునది ఈ జాతిదే. మెత్తని ఆకులతో వదులుగా ముడుచుకొనునది రెండవది. నిలువుగా, పొడవుగా పెరుగు రోమెయిన్ మూడవది. ముడుచుకొనక విప్పారియుండునది నాలుగవది. చైనాలో ఆకుకంటె కాండమునకై పెంచు తెగయు కలదు. కుండీలకు నాలుగవదియే శ్రేష్ఠము. ముడుచుకొను తెగలు కోతకు రావలెనన్న 70, 80 దినములు కావలెను. కోసిన మొక్కతో పంట ముగియును. విప్పారు తెగ 45, 50 దినములకే అందివచ్చును. వెలుపలి ఆకులు కోసికొనుచుండగా లోపలినుండి క్రొత్తవి వచ్చుచుండును.

ఈ ఆకునకు ఉడుకుట లేదు. కడిగి, త్రుంచి, తినుటయే. కావున నిప్పు చేయవలసిన పనిని నీరు చేయవలెను. పెరిగినప్పటి నీరు ఒకటి, కడిగినప్పటి నీరు ఒకటి. మొదటి నీరు చెడినచో రెండవ నీరు దానిని పూర్తిగా సరిదిద్దజాలదు. 2018 వసంతకాలమున అమెరికా సంయుక్త రాష్ట్రములలో జరిగిన ఉదంతము దీనికి సాక్ష్యము. రోమెయిన్ లెట్యూసు తినినవారికి ఇ. కోలై అను సూక్ష్మక్రిమిలో ప్రమాదకరమైన ఒక రకము సోకి, 36 రాష్ట్రములలో 210 మంది జబ్బుపడిరి. ఐదుగురు మరణించిరి. విచారింపగా ఆ లెట్యూసు ఆరిజోనా రాష్ట్రమందలి యూమా ప్రాంతమునుండి వచ్చినదని తేలినది. అచటి పొలములకు నీరిచ్చు కాలువలో అదే క్రిమి దొరికినది. ఆ సంవత్సరమే నవంబరులో మరల అట్టి ఉపద్రవము కలుగగా, రోమెయిన్ లెట్యూసును ఎవ్వరును తినవలదని, అమ్మవలదని ఆ దేశపు ఆరోగ్యాధికారులు చాటవలసివచ్చినది. శీతల వాహనములు, ముద్రవేసిన సంచులు, తనిఖీ యంత్రాంగము అన్నియు ఉన్న దేశములోనే ఇట్లు జరిగినది. మూలమునందలి నీరు చెడిన తరువాత పై హంగులు ఎన్నియున్నను రక్షింపలేకపోయినవి.

ఇక ఢిల్లీ మాట. నగరపు మురుగును, కార్ఖానాల వ్యర్థములును యమునలో కలియుచుండుట వలన, ఢిల్లీయందలి యమునా వరదమైదానమున తినుపంటలు వేయరాదని జాతీయ హరిత న్యాయస్థానము 2015లో ఆదేశించినది. నది యొడ్డున కూరలు పండించి నగరమును పోషించిన రైతును ఇందుకు నిందించుట తగదు. నదిని చెరచినవాడు అతడు కాడు. ఐనను బుట్టలో వచ్చిన ఆకు ఎక్కడిదో, ఏ నీట పెరిగినదో కొనువాడు ఎరుగడు. అమ్మువాడును తరచుగా ఎరుగడు. పాలకూరయైనచో ఉడుకబెట్టి క్రిముల భయమునైనను తీర్చుకొనవచ్చును. లోహముల మాట వేరు. అవి ఉడికినను పోవు. లెట్యూసునకు ఆ ఉడుకు ఉపాయమును లేదు.

కుండీ అక్కరకు వచ్చునది ఇచటనే. కుండీలోని మన్ను ఎవరు కలిపిరో, నీరు ఏ కుళాయిదో, పురుగుమందు పడినదో లేదో ఇంటివారికి తెలియును. పది పన్నెండు కుండీల వలన కూరల ఖర్చు తగ్గునని ఆశింపరాదు. మన్ను, ఎరువు, విత్తులు, కుండీలు అన్నియు లెక్కవేసినచో మొదటి ఏట నష్టమే తేలవచ్చును. ఆ ఖర్చునకు ప్రతిగా లభించునది, పిల్లలకు పెట్టు ఆకునుగూర్చిన ఎరుక. ఐతే ఇంట పెరిగినంత మాత్రమున ఆకు పరిశుద్ధమగుననుకొనుటయు పొరపాటే. అజాగ్రత్తగా పెంచిన కుండీ, చెడిన కాలువకన్న మేలు కాదు. అందుచేత పెంచు పద్ధతి వివరముగా చెప్పుకొనదగినది.

ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వోద్యోగుల నివాసములలో పెక్కు ఒకప్పుడు ఒకటి రెండు అంతస్తులవి. క్రింది ఇంటివారికి పెరడుండెడిది. అందు కరివేప, మునగ, బచ్చలి తీగ కనుపించినచో అది దక్షిణాదివారి ఇల్లని దారిని పోవువారు పోల్చుకొనెడివారు. సరోజినీ నగర్, నేతాజీ నగర్ మొదలగు ఏడు కాలనీల పునర్నిర్మాణమునకు 2016లో కేంద్ర మంత్రివర్గము ఆమోదము తెలిపినది. అట్టి చోట్ల పాత ఇండ్లు పోయి ఎత్తైన భవనములు లేచినవి. పెరడు పోయినవారికి మిగులునది బాల్కనీ. అందును ఎండ వచ్చు బాల్కనీ ఏదియో ముందు చూచుకొనవలెను.

ఢిల్లీ సుమారు 28½ డిగ్రీల ఉత్తర అక్షాంశముపై నున్నది. డిసెంబరు నెల చివర మధ్యాహ్నవేళ సూర్యుడు దక్షిణ దిక్కున సుమారు 38 డిగ్రీల ఎత్తున మాత్రమే యుండును. అందువలన దక్షిణముఖమైన బాల్కనీలోనికి ఎండ ఏటవాలుగా లోపలిదాక వచ్చును. జూనులో సూర్యుడు ఇంచుమించు నడినెత్తిన నుండుటచే అదే బాల్కనీపై పైఅంతస్తు నీడ పడును. చలికాలమున ఎండ, వేసవిని నీడ. లెట్యూసు కోరునది సరిగా ఇదియే. తూర్పుముఖమైనదియు పనికివచ్చును. ఉత్తరముఖమైన బాల్కనీకి చలికాలమున ఎండ పొడ తగులదు. అట్టివారు మిద్దెపై చోటు చూచుకొనుట మంచిది. దినమునకు నాలుగైదు గంటల ఎండ చాలును.

కాలమును పండుగలతో గుర్తుంచుకొనవచ్చును. ఢిల్లీలో దసరాకు విత్తు, దీపావళికి నారు, సంక్రాంతికి నిండు కోత. మరికొంత వివరింపవలెనన్న, అక్టోబరు నడుమనుండి నవంబరు నడుమవరకు విత్తుటకు అనువైన కాలము. విత్తనములన్నియు ఒకేసారి చల్లరాదు. పదునైదు దినములకొక కుండీ చొప్పున విత్తినచో ఆకు ఒకేమారు మీదపడక, ఫిబ్రవరిదాక అందుచుండును. ఢిల్లీ చలికి ఈ మొక్క వెరవదు. తేలికపాటి మంచునైనను ఓర్చుకొనును. వేడికి మాత్రము ఓర్వదు.

విత్తులు మిక్కిలి చిన్నవి. గ్రామునకు సుమారు 800 నుండి 1000 వరకు తూగును. వీనియందు ఒక విశేషము కలదు. పెక్కు తెగల విత్తులు మొలకెత్తుటకు వెలుతురు కావలెను. అమెరికాలోని మేరీలాండు రాష్ట్రమున బెల్ట్స్‌విల్ వ్యవసాయ పరిశోధనాకేంద్రమునందు బోర్త్‌విక్, హెండ్రిక్స్ మొదలగు శాస్త్రజ్ఞులు 1952లో గ్రాండ్ రాపిడ్స్ అను తెగ లెట్యూసు విత్తులతో ఒక పరీక్ష చేసిరి. ఎర్రని కాంతి సోకిన విత్తులు మొలచినవి. పిమ్మట దూరపు ఎరుపు అను కాంతి సోకినచో మొలక ఆగినది. మరల ఎర్రని కాంతి చూపగా మొలచినవి. ఎన్నిమార్లు మార్చినను కడపట సోకిన కాంతి ఏదియో దాని ప్రకారమే ఫలితము వచ్చినది. మొక్కలలో కాంతిని గుర్తించు ఫైటోక్రోము అను పదార్థమును కనుగొనుటకు ఈ చిన్న విత్తే దారి చూపినది.

దీనినుండి గృహస్థు గ్రహింపవలసినది ఒక్కటే. విత్తును లోతుగా పాతరాదు. తడిపిన మన్నుపై చల్లి, వ్రేలితో మెల్లగా అదిమి, కనుపించీ కనుపింపనంత పలుచగా మన్ను జల్లిన చాలును. మరియొక సంగతి. మన్ను 30 డిగ్రీల వేడికి చేరినచో పెక్కు తెగల విత్తులు నిద్రపోవును. అక్టోబరు మొదట విత్తినవారు విత్తులు చచ్చినవని తలచి పారవేయుట కలదు. అట్టివేళ విత్తులను తడిగుడ్డలో చుట్టి ఒకటి రెండు దినములు రిఫ్రిజిరేటరులో నుంచి చల్లినచో మేల్కొనును. చల్లని వేళ విత్తినవి నాలుగు దినములనుండి వారము లోపల మొలచును. నాలుగైదు ఆకులు వచ్చిన నారును సాయంవేళ పెద్ద కుండీలకు మార్చవలెను.

లెట్యూసు వ్రేళ్ళు లోతుగా పోవు. ఎనిమిది అంగుళముల లోతు కుండీ సరిపోవును; పది అంగుళముల వెడల్పున రెండు మూడు మొక్కలు పట్టును. మట్టికుండీ శ్రేష్ఠము, ప్లాస్టిక్ తొట్టియైనను దోషము లేదు. రంగు డబ్బాలను, మందుల డబ్బాలను మాత్రము పచ్చియాకు పెంచుటకు వాడరాదు. అడుగున రంధ్రముండవలెను, దానిపై కుండ పెంకు బోర్లించవలెను. మన్ను రెండు పాళ్ళు, చివికిన ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు కలిపిన చాలును.

ఎరువు విషయమున కడు జాగ్రత్త వలెను. పచ్చిపేడ, సగము చివికిన పెంట ఈ కుండీలలో వేయరాదు. కాలువ నీటిలో భయపడిన క్రిమియే అందును ఉండవచ్చును. నేలనంటు పంటకు పచ్చి పెంట వేసినచో కోతకు నడుమ 120 దినములైనను గడువుండవలెనని అమెరికా సేంద్రియ వ్యవసాయ నిబంధనలు విధించుచున్నవి. లెట్యూసు జీవితమే అందులో సగము లేదు! కావున మన్నువాసన తప్ప మరే వాసనయు లేనంతగా చివికిన ఎరువుగాని, వానపాముల ఎరువుగాని వేయవలెను.

నీరు త్రాగుటకు పనికివచ్చు కుళాయినీరే కావలెను. ఇండ్లలో నీటిని శుద్ధిచేయు ఆర్.ఓ. యంత్రము వదలివేయు నీటిని మొక్కలకు పోయు అలవాటు కొందరికి కలదు. ఆ నీట లవణములు చిక్కబడియుండును. లెట్యూసు ఉప్పునకు ఓర్వజాలని మొక్క; కుండీలో లవణము పేరుకొనినచో ఆకుల అంచులు మాడిపోవును. అంట్లు కడిగిన నీరును పనికిరాదు. నీరు ఉదయమున పోయవలెను. ఆకులపై కాక మొదట పోయవలెను. వ్రేలిని ఒక కణుపు లోతు మన్నులో దింపి, పొడిగానున్నచో పోయవచ్చును. తడిగానున్నచో ఆ దినమునకు మానవలెను. నీరు ఎక్కువైనచో లేత నారు మొదట కుళ్ళి వాలిపోవును. చాలక ఎండినచో ఆకు చేదెక్కును.

చీడలలో ముఖ్యమైనది పేనుబంక. ఆకు అడుగున గుంపులుగా చేరి రసము పీల్చును. దీనికి మందులు చల్లుట, పచ్చియాకును ఇంట పెంచుటలోని ఉద్దేశమునే చెరచును. ఆకును వెల్లకిల త్రిప్పి నీటిధారతో కడిగివేయుట మొదటి చికిత్స. అప్పటికిని పోనిచో పట్టిన ఆకులను త్రుంచివేయవలెను. గొంగళిపురుగులను, నత్తలను చేతితో ఏరివేయవచ్చును.

ఢిల్లీ బాల్కనీలలో పురుగులకన్న పెద్ద బెడద పావురములది. లేతాకును పొడుచుట ఒకటి, రెట్ట వేయుట ఒకటి. రెట్ట పడిన ఆకును కడిగి తినుటకన్న పారవేయుటయే మేలు. వల కట్టినచో రెండు బెడదలును తీరును. నవంబరు మాసమున నగరమును కప్పు పొగధూళియు ఆకులపై పేరుకొనును. కోతకు ముందుదినము ఉదయమున ఒకసారి ఆకులను నీటితో తడిపి ఆరనిచ్చుట మంచిది.

ఇరుగుపొరుగుల క్షేమమును మరువరాదు. ఎత్తైన భవనములలో పిట్టగోడపై కుండీ నిలుపుట ప్రమాదము. గాలికి జారిన కుండీ క్రింద పోవువాని తలపై పడును. కుండీలు నేలపైననో, కమ్మీకి లోపలివైపున గట్టిగా బిగించిన చట్రములోననో ఉండవలెను. క్రింది ఇంటివారి బట్టలపై నీరు కారకుండ అడుగున పళ్ళెములు పెట్టవలెను. ఆ పళ్ళెములలో నీరు వారముదినములు నిలిచినచో డెంగీ జ్వరమును వ్యాపింపజేయు దోమ పిల్లలు పెట్టును. ఢిల్లీలో డెంగీ ముమ్మరముగా నుండు అక్టోబరు, నవంబరులే లెట్యూసు నారు పోయు కాలమును. అందువలన పళ్ళెములోని నీటిని రెండు మూడు దినములకొకసారి పారబోయుట తప్పనిసరి.

కోత ఉదయమున కోయవలెను. చేతులు కడుగుకొని, వెలుపలి ఆకులను కత్తెరతో కోసి, లోపలి మొవ్వను వదలవలెను. ఒక్కొక్క ఆకును పారునీట రెండువైపుల కడిగి, శుభ్రమైన గుడ్డతో తడి ఒత్తి తీయవలెను. తడితో దాచిన ఆకు త్వరగా కుళ్ళును. తమలపాకును తుడిచిన చేతులకు ఈ పని క్రొత్త కాదు.

ఇంత శ్రద్ధ అతిశయమని తోచువారికి అంతరిక్షమునుండి ఒక ఉదాహరణము కలదు. భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమున, మట్టి గుళికలు, ఎరువు నింపిన చిన్న సంచులలో, కృత్రిమ దీపముల వెలుతురున ఎర్రని రోమెయిన్ లెట్యూసును పెంచిరి. అవియు ఒక విధమైన కుండీలే. 2014లో వచ్చిన మొదటి పంటను వ్యోమగాములు తినలేదు. దానిని భూమికి పంపి, తినుటకు యోగ్యమా అని పరీక్షింపజేసిరి. యోగ్యమని తేలిన తరువాత, రెండవ పంటను 2015 ఆగస్టు 10వ తేదీన స్కాట్ కెల్లీ, చెల్ లిండ్‌గ్రెన్, కిమియా యుయి అను వ్యోమగాములు రుచిచూచిరి. అప్పటికిని ఆకులను శుద్ధిచేయు తడి కాగితములతో తుడిచియే తినిరి. సగము ఆకును తిరిగి పరీక్షలకై దాచిరి. మట్టి, నీరు, గాలి సమస్తమును తమ అదుపులో నున్నవారే ఒక పచ్చియాకును నోటవేసికొనుటకు ముందు ఇంత ఆలోచించిరి.

తెలుగు వంటింట ఈ ఆకు ఇముడుట కష్టము కాదు. నానబెట్టిన వడపప్పు, కొబ్బరికోరు, నిమ్మరసము కలిపి, ఆవాలు, ఎండుమిరప, ఇంగువ పోపు పెట్టి, వడ్డించునప్పుడు ఆకును త్రుంచి కలిపినచో ముద్దకు కరకర కలుగును. పెరుగుపచ్చడిలో దోసకాయ ముక్కలతోపాటు వేయవచ్చును. ఉప్పు ముందుగా వేసినచో ఆకు నీరు విడిచి వాడును గనుక చివరనే వేయవలెను. ముదిరి కొంచెము చేదెక్కిన వెలుపలి ఆకులను పారవేయనక్కరలేదు. పెసరపప్పు ఉడికిన పిమ్మట అందు వేసి దింపినచో పాలకూరపప్పు వరుసనే యుండును.

గుణములనుగూర్చి అతిశయోక్తి పలుకరాదు. లెట్యూసులో నూటికి 95 పాళ్ళు నీరే. కె విటమిను, ఫోలేటు, ఆకుపచ్చని తెగలలో ఎ విటమినునకు మూలమగు పదార్థము కొంతకొంత కలవు. సున్నమునందును, ఇనుమునందును తోటకూర దీనికన్న ఎంతో మిన్న. లెట్యూసు వచ్చినదని తోటకూరను మానుట తెలివి కాదు. అన్నమునకు ముందు ఒక పళ్ళెరము పచ్చియాకు తినినచో కడుపు కొంత నిండి, అన్నము కొంత తగ్గును; కూర్చుండి పనిచేయు ఉద్యోగులకు అదియు మేలే. రక్తము గడ్డకట్టకుండ వార్ఫరిను మందు పుచ్చుకొనువారు మాత్రము, ఇట్టి ఆకులు ఒకదినము ఎక్కువగా, ఒకదినము తక్కువగా తినక, వైద్యుని సలహాపై ఒకే పరిమాణమున తినవలెను.

ఢిల్లీనుండి బదిలీయైనవారికి ఒక మాట. బెంగుళూరులో ఈ ఆకు సంవత్సరములో పెక్కు నెలలు పెరుగును. హైదరాబాదులో నవంబరునుండి జనవరివరకు అనుకూలము. విజయవాడ, చెన్నపట్టణముల ఉక్కకు ఇది తాళదు. అచటివారు డిసెంబరు, జనవరులలో పాక్షికమైన నీడలో లేతాకుగా నెలదినములకే కోసికొనుట ఉత్తమము. కుండీలను వెంట తీసికొనిపోవ వీలుపడకున్నను విత్తులను కొనిపోవచ్చును. మార్చిలో పగలు పొడుగై, ఎండ ముదురగనే మొక్క నడుమనుండి కాడ నిటారుగా లేచును, ఆకు చేదగును. అప్పుడు తక్కినవి తీసివేసి, మంచి మొక్క నొకదానిని వదలవలెను. అది పసుపుపచ్చని చిన్న పూలు పూచి, తెల్లని దూదిపోగులు తలనున్న విత్తులనిచ్చును. లెట్యూసు తనకు తానే పరాగసంపర్కము చేసికొనును గనుక, సంకరజాతి కానిచో తల్లివంటి మొక్కలే వచ్చును. ఆ విత్తులను ఎండబెట్టి, తేదీ వ్రాసిన కవరులో, గాలి చొరని సీసాలో చల్లనిచోట దాచినచో రెండు మూడేండ్లు పనికివచ్చును.

ఖాళీయైన కుండీని వేసవిలో పాడుపెట్టరాదు. అదే మన్నులో కాస్త ఎరువు కలిపి మార్చిలో తోటకూర చల్లినచో నెల లోపల కోతకు వచ్చును. బచ్చలియు ఎండకు ఓర్చును. చలికాలమున పచ్చియాకు, వేసవిని పప్పులోనికి ఆకు. ఒక్క కుండీయే రెండు ఋతువుల పని చేయును.

కడపట ఒక విన్నపము. ఉద్యోగుల సాంస్కృతిక సంఘములు దసరా, దీపావళి వేడుకలకు సభ్యులను ఎట్లును సమావేశపరచును. ఆ దినమున పలహారముతోపాటు నాలుగేసి లెట్యూసు నారుమొక్కలు పంచుట పెద్ద ఖర్చు కాదు. విత్తు విత్తి నారు పోయగల ఓపిక, తీరిక విశ్రాంత ఉద్యోగులలో పలువురికి కలదు. వారికి ఈ పని అప్పగింపవచ్చును. నారు తీసికొనిపోయిన ఇంట సంక్రాంతి దినమున పిల్లల విస్తరిలో వడ్డించు పచ్చియాకునుగూర్చి, ఇది ఎక్కడిది, ఏ నీట పెరిగినది అని ఎవరైన అడిగినచో, ఆ ఇంటి ఇల్లాలు వెంటనే సమాధానము చెప్పగలుగును.